మౌనము ఊఱట కాదు



తల్లికి దూరమయిన బిడ్డ మూడు దినములేడ్చి నాలుగవ దినమున ఊరకుండినచో, “మఱచినాడు, కుదుటపడినాడు” అని పెద్దలమందుము. 30 ఏండ్లు బడి నడపిన నేనును అట్లే తలంచితిని. అది తప్పని తేలిన చరిత్రను నేడు మనవి చేసెదను.

1939 సెప్టెంబరులో ఇంగ్లండు దొరతనమువారు యుద్ధభయముచే సుమారు 15 లక్షలమందిని పట్టణములనుండి పల్లెలకు తరలించిరి. అందు అధికులు పిల్లలు. మఱుసటియేట లండనుపై బాంబులు కురిసెను. ఆ నగరమందలి హాంప్‌స్టెడ్ పేటలో అన్నా ఫ్రాయిడ్, డొరతీ బర్లింగ్‌హామ్ అను విదుషీమణులు 1941లో శిశుగృహములు నెలకొల్పిరి. అన్నా ఫ్రాయిడ్ పూర్వము వియన్నాలో బడిపంతులమ్మ.

ఇల్లు కూలుటకన్న తల్లిని బాయుటయే పసివారిని ఎక్కువగా గాయపఱచుచున్నదని వారు కనుగొనిరి. దాదులు పలువురగుటచే ఏ దాదియు బిడ్డకు తనది కాకపోయెను. కావున పిల్లలను నలుగురైదుగురి చొప్పున చిన్న కుటుంబములుగా విభజించి, ఒక్కొక్క కుటుంబమునకు ఒక్క దాదిని అమ్మవలె నియమించిరి. మొదట శాంతి కలుగలేదు సరికదా, అసూయలు, కేకలు, దాది గది విడిచిన ఏడ్పులు చెలరేగెను. వారు వెఱువలేదు. మమకారము కుదిరిన పిమ్మట మాటలును శుచియైన అలవాటులును శీఘ్రముగా వచ్చెను.

అచ్చట నీళ్లుకాచు కొలిమి చూచు పనిలో చేరిన జేమ్స్ రాబర్ట్‌సన్, ఆసుపత్రిలో ఒంటరియైన రెండేండ్ల బాలికను గూర్చి 1952లో చలనచిత్రము తీసెను. ఆయనయు మనోవైద్యుడు జాన్ బౌల్బీయు ఎడబాటునకు మూడు దశలు చెప్పిరి: ఆక్రోశము, నిరాశ, వైముఖ్యము. ఈ మూడవదానినే మనము కుదుటపాటని భ్రమపడుదుము. 1959లో ప్లాట్ సంఘము ఆసుపత్రులలోని పిల్లలను చూచుటకు తల్లిదండ్రులకు నిర్బంధములు ఉండరాదని సిఫారసు చేసెను.

నా బడిలో తల్లిపోయిన బాలుడొకడుండెను. నెలకొక బంధువునింట భోజనము. కదలక మెదలక కూర్చుండుటచే బుద్ధిమంతుడని నలుగురిలో మెచ్చితిని. వాడు లోలోన ముడుచుకొనిపోవుచుండెనని ఎఱుగనైతిని.

పెద్దలారా! మీ గ్రామమున అట్టి శిశువున్నయెడల పదియిండ్లకు వంతులు వేయకుడు. ఒక్క ఒడిని చూపుడు. ఆ యొడిలో వాడు అలిగినను ఏడ్చినను గారాబమని కసరకుడు. ఎండిన కంట మరల నీరూరుట నమ్మకము చిగురించుటకు గుర్తు కావచ్చును.