సరిహద్దు చీటీలో రాయని కారణం

మాది ఖరగ్‌పూర్ తెలుగు కుటుంబం. నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. నేను పరీక్ష రాసి కలకత్తాలోని సియాల్దా స్టేషన్లో గుమాస్తాగా చేరేనాటికి తూర్పు బెంగాల్ శరణార్థుల కాలం ఎప్పుడో ముగిసిపోయింది. అయినా పాత హెడ్ క్లర్కులు టీ తాగుతూ ఆ మాటే ఎత్తేవారు. స్టేషన్ నేల మీద ఒక్కో కుటుంబం చుట్టూ ట్రంకుపెట్టెలు, ఇటుకలు పేర్చుకుని కాస్తంత జాగాలో నెలల తరబడి బతికిందనీ, ఆఫీసుకి వెళ్లేవాళ్లు కాళ్లు ఎత్తి ఎత్తి వేసుకుంటూ నడిచేవాళ్లమనీ చెప్పేవారు. కలరా టీకాలు, మార్వాడీ సేవా సంఘం గంజి, రామకృష్ణ మిషన్ దుప్పట్లు, అన్నీ చెప్పేవారు. రాత్రిళ్ల సంగతి మాత్రం దాటవేసేవారు. ఒకాయన ఒక్కసారి అన్నాడు: "పెళ్లి సంబంధాలు తెచ్చేవాళ్లు చాలామంది తిరిగేవారమ్మా. అందులో పెళ్లికొడుకులు తక్కువ."

ఈ దాటవేత మా ఆఫీసులో మొదలైంది కాదు. బెంగాల్ విభజన చరిత్ర అంతా ఇలాగే నడిచింది.

1946 అక్టోబరు 10, లక్ష్మీపూజ నాడు తూర్పు బెంగాల్లోని నోవాఖలీలో హిందువుల మీద హింస మొదలైంది. పక్కనున్న తిప్పెరా జిల్లాకి పాకింది. ఇళ్లు తగలబెట్టడం, బలవంతపు మతమార్పిళ్లు, ఆడవాళ్లని ఎత్తుకుపోవడం, బలవంతపు పెళ్లిళ్లు. గాంధీ నవంబరులో వెళ్లి, మార్చి దాకా ఊరూరా కాలినడకన తిరిగారు. సుచేతా కృపలానీ, అశోకా గుప్తా లాంటివాళ్లు అక్కడే ఉండి పనిచేశారు. ఎత్తుకుపోయిన ఆడవాళ్ల ఆచూకీ తీయడం, వాళ్లతో మాట్లాడించడం ఎంత కష్టమైందో ఆ కార్యకర్తలకి తెలుసు. చెబితే అన్నదమ్ములు ఇంట్లోకి రానివ్వరేమోనన్న భయం ఆ ఆడవాళ్ల నోరు నొక్కేసింది. అంతకు రెండు నెలల ముందే కలకత్తాలో, నోవాఖలీ తర్వాత బీహార్‌లో, 1950లో మళ్లీ హౌరాలో ముస్లిం కుటుంబాలు ఇదే అనుభవించాయి. వాళ్లు తూర్పుకి వెళ్లారు. సియాల్దాలో ఎక్కేవాళ్లూ ఉన్నారు, దిగేవాళ్లూ ఉన్నారు. ఒకవైపు లెక్కే చెబితే అది చరిత్ర కాదు, వకాల్తా.

పంజాబులో సంగతి వేరు. అక్కడ జనం ఒక్కసారిగా కదిలారు, హింస ఒక్కసారిగా జరిగింది. ప్రభుత్వాలు కళ్లు మూసుకోలేకపోయాయి. 1947 డిసెంబరులో ఎత్తుకుపోయిన ఆడవాళ్లని వెతికి అప్పగించాలని భారత్, పాకిస్తాన్ ఒప్పందం చేసుకున్నాయి. 1949లో అపహృతుల స్వాధీన చట్టం వచ్చింది. మృదులా సారాభాయ్ నాయకత్వంలో సుమారు 30 వేలమంది ఆడవాళ్లని రెండు వైపులా వెతికి పట్టుకుని అప్పగించారు. కొందరు వెళ్లం అని ఏడ్చినా వినకుండా అప్పగించారు, అది మరో అన్యాయం. కానీ ఆ చట్టం పరిధిలో తూర్పు పంజాబు, ఢిల్లీ, యునైటెడ్ ప్రావిన్సెస్, పెప్సూ (పాటియాలా, తూర్పు పంజాబు సంస్థానాల సమాఖ్య), రాజస్థాన్ ఉన్నాయి. పశ్చిమ బెంగాల్ లేదు. బెంగాల్‌కి దక్కింది 1950 ఏప్రిల్ 8 నాటి నెహ్రూ-లియాఖత్ ఒప్పందంలో ఒక అంశం మాత్రమే: ఎత్తుకుపోయిన ఆడవాళ్లని వెతికే ఏర్పాటు చేస్తాం, బలవంతపు మతమార్పిడిని గుర్తించం అని.

ఎందుకీ తేడా? తూర్పు బెంగాల్ నుంచి మనుషులు ధారగా రాలేదు, బొట్లు బొట్లుగా వచ్చారు, ఏళ్ల తరబడి వస్తూనే ఉన్నారు. 1951 జనాభా లెక్కల నాటికి పశ్చిమ బెంగాల్‌లో తూర్పు బెంగాల్ శరణార్థులు సుమారు 21 లక్షలమంది. ఇంతమంది వచ్చినా, అల్లర్లు లేని నెలల్లో వచ్చినవాళ్లని "భయపడి వచ్చారా, బియ్యం కోసం వచ్చారా" అని ప్రభుత్వం అనుమానంగానే చూసింది. 1948 జూన్ 25 తర్వాత వచ్చినవాళ్లని మొదట శరణార్థులుగా నమోదు చేసుకోనేలేదు. ఇప్పుడు అల్లర్లు లేవు కదా, మరెందుకొచ్చారు అని.

ఎందుకొచ్చారో నాకు కలకత్తాలోని శరణార్థుల కాలనీ ఆజాద్‌గఢ్‌లో మా అద్దె ఇంటి పక్కావిడ చెప్పింది. అందరూ మాసీమా, అంటే పిన్ని, అనేవారు, నేనూ అలాగే పిలిచేదాన్ని. బరిసాల్ జిల్లా మనిషి. 1950లో పదిహేనేళ్ల పిల్ల. వాళ్లింట్లో ఎవరి మీదా చెయ్యి పడలేదు. ఇల్లు కాలలేదు. చెరువు ఘాటులో తెల్లవారుజామున స్నానానికి వెళ్తే అవతలి గట్టు మీద కుర్రాళ్లు కూర్చుని పాడేవాళ్లట. మొదట పాట, తర్వాత పేరు పెట్టి పిలుపు, తర్వాత వాళ్ల నాన్నతోనే బజారులో నవ్వుతూ, "మాస్టారూ, ఇక మనం చుట్టాలమే కదా" అన్నారట. అంతే. ఆ వారం స్కూలు మానిపించారు. ఆ నెల బయలుదేరారు.

"మరి సరిహద్దులో అడిగినప్పుడు మీ నాన్నగారు ఏమని చెప్పారు మాసీమా?"

"జీవనోపాధి లేదు అన్నాడు. ఇంకేం చెబుతాడు? నన్ను పక్కన నిలబెట్టుకుని, ఆ గుమాస్తాతో, ఘాటులో మా అమ్మాయిని పిలిచారు బాబూ అంటాడా?"

"అది రాసి ఉంటే మీరూ శరణార్థులే కదా."

"రాసి ఉంటే నాకు పెళ్లయ్యేదా?" అని ఆవిడ వక్క కొరుక్కుంటూ నవ్వింది.

నేను ఫైళ్లు చూసిన మనిషిని. కాగితం మీద ఒక కారణం, మనసులో మరో కారణం ఉంటాయని నాకు తెలుసు. కానీ ఇక్కడ కాగితం మీది కారణమే చరిత్ర అయిపోయింది. బన్‌గావ్‌లో, రాణాఘాట్ దారిలో గుమాస్తాలు రాసిన సరిహద్దు చీటీల్లో "ఉపాధి" అని పడింది కాబట్టి, ఇలాంటి కుటుంబాలు ఆర్థిక వలసదారుల ఖాతాలో పడ్డాయి. ఏమీ జరగలేదు కదా అన్నారు. జరిగేదాకా ఆగినవాళ్ల కథలు బరిసాల్ నుంచి 1950 ఫిబ్రవరిలో వచ్చాయి. ఆ ఏడాది అక్టోబరులో పాకిస్తాన్ మొదటి న్యాయశాఖ మంత్రి జోగేంద్రనాథ్ మండల్ రాజీనామా చేసి కలకత్తా వచ్చేశాడు. సొంత దళిత కులమైన నమశూద్రుల్ని ముస్లిం లీగుని నమ్మమని చెప్పి, ఆ లీగు ప్రభుత్వంలోనే మంత్రి అయినవాడు. సిల్హెట్, ఖుల్నా పల్లెల్లో పోలీసులు, సైనికులు నమశూద్ర ఆడవాళ్ల మీద చేసిన అత్యాచారాల్ని తన రాజీనామా లేఖలో ఊళ్ల పేర్లతో సహా రాశాడు. దేశపు న్యాయమంత్రి రాసిందే చివరికి రాజకీయ వివాదంగా మిగిలితే, ఘాటులో పిలుపుకి విలువెక్కడిది?

సరిహద్దు దాటితే గండం గడిచినట్టు కాదు. పని చేయగల మగవాడున్న కుటుంబాలకి ఉచిత సాయం ఆపేసిన సర్కారు, మగదిక్కు లేని ఆడవాళ్లనీ ముసలివాళ్లనీ వికలాంగులనీ 'శాశ్వత భారం' అనే ఒక పద్దు కింద చేర్చింది. టిటాగఢ్, బాన్స్‌బేరియా, భద్రకాళి, రాణాఘాట్‌లలో వాళ్లకోసం శిబిరాలు పెట్టింది. సూపరింటెండెంటు అనుమతి లేకుండా గేటు దాటకూడదు. చాలాచోట్ల కాపలా కాసేది మగవాళ్లే. రేషన్ ఇచ్చేదీ, చీర ఇచ్చేదీ, కొడుకుని బడిలో వేయమని సంతకం పెట్టేదీ ఎక్కువగా మగవాళ్లే. ఒక్క మనిషి చేతిలో గింజ, గేటు, సంతకం మూడూ పెడితే ఏం జరుగుతుందో ఊహించడానికి పెద్ద చదువు అక్కర్లేదు. రేణుకా రే లాంటి మహిళా ఉద్యమ నాయకురాలు 1952 నుంచి పునరావాస మంత్రిగా ఉన్నా ఆ ఏర్పాటు మారలేదు.

శరణార్థుల కాలనీల్లో ఆడవాళ్లు వేరే దారి పట్టారు. జాదవ్‌పూర్ చుట్టుపక్కల ఖాళీ భూముల్లో రాత్రికి రాత్రి పాకలు వేసుకున్న రోజులవి. జమీందారు గూండాలు వస్తే ముందు ఒక ఇంట్లో శంఖం ఊదేవారు, అది విని పక్కింట్లో, ఆపై వీధంతా. ఆడవాళ్లు కత్తిపీటలు, గరిటెలు పట్టుకుని ముందు వరసలో నిలబడేవారు. చేపలు తరిగే ఆ కత్తిపీటని మాసీమా నాకు చూపించింది. ఇనుప అలుగు అరిగి పల్చబడింది, చెక్క మీద పసుపు మరక పోలేదు. ఆడవాళ్లని ముందు నిలబెడితే గూండాలు వెనక్కి తగ్గుతారని మగవాళ్లు వేసిన లెక్క అది. ఆ లెక్క తప్పిన రాత్రుల గురించి కాలనీ స్వర్ణోత్సవ సంచికల్లో నాకు ఒక్క ముక్కా కనిపించలేదు.

చరిత్రకారులు వదిలేసిన చోట రచయితలే మాట్లాడారు. బెంగాలీ రచయిత్రి జ్యోతిర్మయీదేవి 1966లో ప్రవాసి పత్రిక శారదీయ సంచికలో ఒక నవల రాసింది. మొదటి పేరులో స్త్రీపర్వం ఉంది, పుస్తకంగా వచ్చినప్పుడు 'ఏపార్ గంగా ఓపార్ గంగా' అయింది. తిక్కనగారి స్త్రీపర్వం చదివినవాళ్లకి అందులో ఏడుపంతా చచ్చిపోయిన మగవాళ్ల కోసమేనని తెలుసు. ఆడవాళ్ల మీద జరిగింది రాసే స్త్రీపర్వం ఇంకా ఎవరూ రాయలేదన్నది జ్యోతిర్మయీదేవి పట్టు. నవలలో నోవాఖలీ పిల్ల సుతారాని కాపాడింది ముస్లిం కుటుంబం. కలకత్తాలో అన్నగారి అత్తింటివాళ్లు ఆమెని వంటింట్లోకి రానివ్వరు, నీళ్ల కుండ ముట్టనివ్వరు. దాడి ఎలా జరిగిందో రచయిత్రి వర్ణించదు. ఆ కుండ గురించి మాత్రం రాస్తుంది. బెంగాలీ దర్శకుడు ఘటక్ సినిమా సువర్ణరేఖలో శరణార్థి పిల్ల సీత కలకత్తాలో ఒళ్లమ్ముకునే స్థితికి వస్తే, మొదటి విటుడుగా తప్పతాగి వచ్చింది సొంత అన్న. ఇంత కాకతాళీయం ఎక్కడైనా ఉంటుందా అని విమర్శకులు గొణిగారు. సియాల్దా పక్కన ఉద్యోగం చేసిన నాకు అది కాకతాళీయంగా అనిపించలేదు.

సర్కారు శిబిరాల్లోని శరణార్థి కుటుంబాలని, ముఖ్యంగా నమశూద్రులని, 1958 తర్వాత దండకారణ్యానికి పంపారు. మల్కన్‌గిరి మన తెలుగువాళ్లకి దూరం కాదు. కాగజ్‌నగర్ దగ్గర ఈస్‌గావ్‌లో బెంగాలీ క్యాంపు ఇప్పటికీ ఉంది. దండకారణ్యం నుంచి తిరిగొచ్చి సుందర్‌బన్‌లో మరిచ్‌ఝాపి దీవిలో స్థిరపడ్డవాళ్లని 1979లో దిగ్బంధం చేసి, మే నెలలో ఖాళీ చేయించారు. అప్పుడు పోలీసులు ఆడవాళ్ల మీద చేసిన అఘాయిత్యాల గురించి బతికి బయటపడ్డవాళ్లు చెప్పారు. శిక్ష పడినవాడు ఒక్కడూ లేడు.

1971లో తూర్పు పాకిస్తాన్ నుంచి దాదాపు కోటిమంది వచ్చారు. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ కంపెనీలున్న కలకత్తా సాల్ట్‌లేక్‌లో అప్పుడు లక్షలమంది శిబిరం. మురుగు పైపుల్లో సంసారాలు. పాకిస్తాన్ సైన్యం చేతుల్లో నలిగి వచ్చిన ఆడవాళ్లలో గర్భవతులూ ఉన్నారు. మన దేశంలో గర్భస్రావ చట్టం అదే ఆగస్టులో ఆమోదం పొందింది, అమల్లోకి వచ్చింది మాత్రం 1972 ఏప్రిల్ 1న. అంటే ఆ శిబిరాల కాలమంతా, తల్లి ప్రాణం కాపాడటానికి తప్ప గర్భం తీయడం ఇక్కడ నేరమే. స్వతంత్ర బంగ్లాదేశ్ ఇలాంటి ఆడవాళ్లని వీరాంగనలంది. స్వాతంత్ర్య సమరయోధులుగా గుర్తించడం 2015లో మొదలుపెట్టింది.

ఇక మా రైల్వే సంగతి. 1998 ఫిబ్రవరిలో బంగ్లాదేశ్ నుంచి వచ్చి అజ్మీర్ వెళ్లాల్సిన ఒక మహిళ మీద హౌరా స్టేషన్ యాత్రీ నివాస్‌లోనూ, ఒక అద్దె ఇంట్లోనూ సామూహిక అత్యాచారం జరిగింది. నిందితుల్లో రైల్వే ఉద్యోగులున్నారు. ఆమె శరణార్థి కాదు, యాత్రికురాలు. తన దేశంలో స్థానిక పాలనలో ఎన్నికైన సభ్యురాలు కూడా. అయినా శరణార్థుల గురించి రాస్తూ ఈ కేసు చెప్పక తప్పదు. ఎందుకంటే రైల్వే బోర్డు సుప్రీంకోర్టు దాకా వెళ్లి వాదించిన వాదన ఇది: ఆమె విదేశీయురాలు కాబట్టి మన రాజ్యాంగం కింద నష్టపరిహారం అడగలేదు. ఉద్యోగులు చేసింది డ్యూటీలో పని కాదు కాబట్టి ప్రభుత్వానికి బాధ్యత లేదు.

2000 జనవరి 28న సుప్రీంకోర్టు రెండూ కొట్టేసింది. జీవించే హక్కునిచ్చే 21వ అధికరణం పౌరులకే కాదు, ఈ నేల మీద ఉన్న ప్రతి మనిషికీ వర్తిస్తుందంది. హైకోర్టు వేసిన 10 లక్షల పరిహారాన్ని ఖాయం చేసి, బంగ్లాదేశ్ హైకమిషనర్ ద్వారా ఆమెకి అందేలా చూడమంది. శరణార్థులకి ఇది ఎందుకు ముఖ్యమంటే, 1951 నాటి శరణార్థి ఒప్పందం మీద మన దేశం సంతకం పెట్టలేదు. పెట్టినా, అందులో వేధింపుకి చెప్పిన ఐదు కారణాల్లో ఆడపుట్టుక లేదు. ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ 2002లో మార్గదర్శకాలు ఇచ్చాకే దాన్ని ఆ కారణాల్లో కలిపి చదవడం స్థిరపడింది. కాబట్టి కాగితాల్లేకుండా వచ్చి బెంగాల్ జైళ్లలో తేలిన రోహింగ్యా ఆడవాళ్లకి ఇక్కడ చేతిలో ఉన్న గట్టి ఆధారం హౌరా స్టేషన్ తీర్పే. ఆ తీర్పుతో కోర్టు మెట్లెక్కడానికి మాత్రం ఎవరో ఒకరు కావాలి. హౌరా కేసు వేసింది చంద్రిమా దాస్ అనే కలకత్తా హైకోర్టు న్యాయవాది. బాధితురాలికి ఆవిడ చుట్టమూ కాదు, పక్కమూ కాదు. అసలు ఈవిడెవరు కేసు వేయడానికి అని కూడా రైల్వే బోర్డు అడిగింది. ఆ అభ్యంతరాన్నీ కోర్టు కొట్టేసింది.