సెల్ఫ్, వైఫ్, ఇద్దరు పిల్లలు

ఖరగ్‌పూర్ మథురాకాటి క్వార్టర్లలో మా వేసవి సెలవులు నాన్న రైల్వే పాస్ తెచ్చిన రోజు మొదలయ్యేవి. బడి ఎప్పుడు మూశారన్నది ఎవరికీ పట్టేది కాదు. వర్క్‌షాప్ నుంచి సైకిల్ మీద వచ్చి, చేతులకున్న గ్రీజు సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నాకే నాన్న దాన్ని జేబులోంచి తీసేవాడు. మరక పడితే రిజర్వేషన్ కౌంటర్లో పేచీ పెడతారని భయం. పాస్ సెక్షన్ బాబు చేత్తో ఇంగ్లీషులో రాసిన కాగితం అది: సెల్ఫ్, వైఫ్, ఇద్దరు పిల్లలు, ఆధారపడిన తల్లి. ఎక్కడి నుంచి ఎక్కడికి, ఏ దారిన, మధ్యలో ఎక్కడెక్కడ దిగవచ్చు అన్నీ అందులోనే. ఏడాదికి మూడు సెట్లు. ఒకటి సొంతూరికి, శ్రీకాకుళం రోడ్డు స్టేషన్ దాకా, ఖాయం. ఒకటి పెళ్ళిళ్ళకీ చావులకీ. మూడోది తిరుపతికి అనుకుంటూనే చాలాసార్లు మురిగిపోయేది.

మా ఊళ్ళో తెలుగువాళ్ళ చరిత్ర రాయమంటే నేను ఈ కాగితంతోనే మొదలుపెడతాను. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే (బి.ఎన్.ఆర్.) కంపెనీ 1898–99 నాటికి ఈ ఎర్రమట్టి దిబ్బల మీదికి పట్టాలు తెచ్చింది. 1900లో కోలాఘాట్ దగ్గర రూప్‌నారాయణ్ నది మీద వంతెన పూర్తయి హౌరాకి దారి కలిసింది. దక్షిణాన, కటక్ నుంచి బెజవాడ దాకా ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వేని 1893కీ 1896కీ మధ్య పరిచారు. గంజాం, విశాఖ జిల్లాల్లో మట్టిపనికి దిగినవాళ్ళలో మా ముత్తాత ఒకడు. 1896–97లో కరువు. 1902లో వాల్తేరు నుంచి కటక్ దాకా ఉన్న లైను కూడా బి.ఎన్.ఆర్. చేతికి వచ్చింది. దానితో ఆమదాలవలసలో, అంటే శ్రీకాకుళం రోడ్డు స్టేషన్‌లో, రైలెక్కినవాడు ఖరగ్‌పూర్‌లో దిగేదాకా ఒకే కంపెనీ పట్టాల మీద ఉండేవాడు. వర్క్‌షాప్‌కి మనుషులు కావాలి, గంజాం, విశాఖ జిల్లాల్లో తిండిలేని మనుషులున్నారు. ముందు గ్యాంగు కూలీలుగా, తరవాత ఖలాసీలుగా, ఆ తరవాత ఫిట్టర్లుగా వచ్చారు. ఒకడు కుదురుకోగానే బావమరిదిని రప్పించేవాడు. నింపురా, మథురాకాటి, ఓల్డ్ సెటిల్‌మెంట్ వీధుల్లో శ్రీకాకుళం యాస అలా స్థిరపడింది.

క్వార్టరు, ఆసుపత్రి, బడి, పాస్ అన్నీ కంపెనీయే ఇచ్చింది. మామ్మ దాన్ని దొరల దయ అనేది. నాన్న ఒప్పుకునేవాడు కాదు. 1927లో ఈ వర్క్‌షాప్ సమ్మెతోనూ లాకౌట్‌తోనూ దద్దరిల్లినప్పుడు కార్మికుల పక్షాన నిలబడ్డవాళ్ళలో బరంపురం తెలుగువాడు వి.వి. గిరి ఉన్నాడనీ, దయ ఉంటే సమ్మె ఎందుకొస్తుందనీ నాన్న వాదన. ఆ గిరిగారే రాష్ట్రపతి భవన్‌లో ఉండగా 1974 మే నెలలో రైల్వే సమ్మెను అణిచేశారని కూడా కలిపేవాడు. ఆ సమ్మె మాటొస్తే మాత్రం ఆయన గొంతులో పౌరుషం కాస్త తగ్గేది. వాళ్ళ సెక్షన్‌లో ఎవరెవరు లోపలికి వెళ్ళి పనిచేశారో ఆయనకి పేరుపేరునా తెలుసు, వాళ్ళలో మా పక్కింటాయన ఒకరు.

నాకు తోచేది వేరు. పాస్ ఇవ్వడంలో కంపెనీకి లాభం ఉంది. ఊరికి పంపితే మనిషి మళ్ళీ వస్తాడు, వస్తూ మరొకణ్ణి తెస్తాడు. పాస్ అనేది లేకపోతే నాన్న జీతంలో ఐదుగురు మనుషులు ఆరువందల కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం ఏటా చేయగలిగేవాళ్ళే కాదు. బెంగాల్లో నాలుగు తరాలుగా ఉన్నా మా ఇంట్లో తెలుగు మిగలడానికి బడి కంటే ఈ కాగితమే ఎక్కువ సాయపడింది.

సరదా ప్రయాణాలన్నవి దొరలకి. 1925లో బి.ఎన్.ఆర్. పూరీలో సముద్రం ఒడ్డున హోటల్ తెరిచింది, రంగురంగుల పోస్టర్లు వేసి కలకత్తా తెల్లవాళ్ళని అక్కడికి పిలిచేది. వాళ్ళు కూర్చునే బోగీలకి చక్రాలు బిగించినవాళ్ళకి పూరీ అంటే జగన్నాథుడే, సత్రంలో ఒక రాత్రి. స్వాతంత్ర్యం వచ్చాక ఉద్యోగులకీ హాలిడే హోములు వచ్చాయి. మా నాన్న దరఖాస్తు పెట్టిన మొదటిసారీ చివరిసారీ 1993లోనే. అది అమ్మ అడిగింది కాబట్టి.

ఆ ఏడు అమ్మకి రొమ్ము కేన్సర్ అని తేలింది. కలకత్తా గార్డెన్ రీచ్‌లో రైల్వే సెంట్రల్ ఆసుపత్రి ఉంది, ఆపరేషన్ అక్కడే చేశారు. తరవాత మందులెక్కించడం. దానికీ పాసే. మామూలు సెట్లలోంచి తీయరు, వైద్యం కోసం వేరే పాస్ ఇస్తారు, అందులో రోగి పేరూ, తోడు వెళ్ళేవాడు అవసరమని డాక్టరు రాస్తే అటెండెంటూ ఉంటారు. అమ్మ రోగి, నాన్న అటెండెంట్. తెల్లవారుజామున హౌరా లోకల్. కలకత్తా ఆఫీసులకి రోజూ వెళ్ళే డైలీ పాసెంజర్లు పేకముక్కలు పంచుకుంటూ ఉంటే, వాళ్ళ మధ్య అమ్మ పమిట తలమీదికి లాక్కుని కిటికీ పక్కన కూర్చునేది. కొన్నాళ్ళకి వాళ్ళే ఆ సీటు ఆమె కోసం ఆపేవారు. తిరుగు ప్రయాణంలో వాంతులు. చేతిసంచిలో ఒక పాత హార్లిక్స్ డబ్బా దానికోసమే ఉండేది.

ఎక్కించే మందులు మూడు: సైక్లోఫాస్ఫమైడ్, మెథోట్రెక్సేట్, ఫ్లోరోయురాసిల్. మూడు కలిపి వాడితే ఆపరేషన్ తరవాత రోగం తిరగబెట్టడం తగ్గుతుందని ఇటలీలో మిలాన్ డాక్టరు బొనడొన్నా బృందం 1976లో చూపించింది. అందులో రెండోది పచ్చగా పసుపు నీళ్ళలా ఉండేది. అమ్మ దాన్ని "మన అమ్మవారి మందు" అనేది. దాని పుట్టుక ఒక తెలుగువాడి దగ్గరే ఉందని నాకు చాలా ఏళ్ళకి తెలిసింది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లం మీద పనిచేయించాడు. దానికి అడ్డుపడే మందుల్లో ఒకటైన అమినోప్టెరిన్‌ని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త కేన్సర్ ఉన్న పిల్లలకి ఇచ్చాడు. మెథోట్రెక్సేట్ దాని తోబుట్టువు. సుబ్బారావు 1948లో పోయాడు, వాటి పూర్తి ఫలం చూడకుండానే. నేనైతే ఈ మందు కథనీ మా రైలు కథనీ పక్కపక్కనే పెట్టుకుంటాను. అమ్మ బతుకులో అవి కలిశాయి కనక.

రెండు విడతల మధ్య ఖాళీలో ఊరెళ్ళొస్తానని అమ్మ పట్టుబట్టింది. గ్రామదేవత సంబరం, పసుపు నీళ్ళ ముర్రాటలు పోస్తానని మొక్కుంది. డాక్టరు రక్తపరీక్ష చూసి, జనంలోకి ఎక్కువ వెళ్ళొద్దనీ, ఆపరేషనైన వైపు చేత్తో బరువెత్తొద్దనీ చెప్పి పంపారు. నాన్న ప్రివిలేజ్ పాస్ రాయించాడు. వెళ్ళేది శ్రీకాకుళం రోడ్డుకి, వచ్చేటప్పుడు ఖుర్దా రోడ్ మీదుగా పూరీలో దిగేటట్టు. అక్కడ సముద్రాన్ని తీరిగ్గా చూడాలని అమ్మ కోరిక. ఇదివరకు చూసింది కానీ, మామ్మ స్నానానికీ పిల్లల కాపలాకీ మధ్య.

సంబరం నాడు పొద్దున్నే ముర్రాటకి నీళ్ళు కావాలి. బిందెడు నీళ్ళు అమ్మ తోడలేదు. ఆడవాళ్ళెవరైనా తోడిపెట్టేవారే, కానీ "మొక్కు మాది, నీళ్ళూ మేమే తోడుకుంటాం" అని నాన్న చేద తీసుకున్నాడు. మగాడు ముర్రాట నీళ్ళు తోడడమేంటని నూతి దగ్గర నవ్వులు. పసుపు నీళ్ళతో చప్టా అంతా జారుగా ఉంది. బిందె పైకొచ్చింది, నాన్న కిందపడ్డాడు. కుడికాలి చీలమండ ఒక పక్కకి తిరిగిపోయింది. వర్క్‌షాప్‌లో ముప్పై ఏళ్ళు క్రేన్ల కింద తిరిగినవాడు, ఒక్క ఇంజురీ ఆన్ డ్యూటీ కూడా లేదని గొప్పగా చెప్పుకునేవాడు.

అక్కడ మొదలైంది అసలు పంచాయితీ. పెదనాన్న కట్టు కట్టించేద్దామన్నాడు. రాయలసీమలో పుత్తూరు కట్టుకి ఉన్నంత పేరు కాకపోయినా మా వైపూ ఊరికో కట్టువాడు ఉండేవాడు, వెదురుబద్దలూ గుడ్డపేలికలూ ఏవో ఆకుల ముద్దా.

"రైలు డాక్టరుకి మనోళ్ళ ఎముకలు తెలుస్తాయేటి తమ్మీ? ఈడనే కట్టించీసుకో, నెలకి లేచి తిరిగీస్తావు."

"కాగితం ఉండాల కదన్నయ్యా. కట్టువాడి కాగితం వర్క్‌షాప్‌లో చెల్లదు."

అది నిజం. రైల్వే మనిషి జబ్బుపడితే రైల్వే డాక్టరు సిక్‌లో పెట్టాలి, తగ్గాక ఆయనే ఫిట్ ఇవ్వాలి. లేకపోతే సెలవు లెక్క తెగదు. ఇది డ్యూటీలో తగిలిన దెబ్బ కూడా కాదు. 1923లో నష్టపరిహార చట్టం వచ్చినప్పటి నుంచీ పనిలో విరిగిన కాలికీ ఇంటి దగ్గర విరిగిన కాలికీ లెక్కలు వేరు. మర్నాడు మావయ్య, మరో ఇద్దరూ నాన్నని మంచం మీద స్టేషన్‌కి తెచ్చి విశాఖ రైలెక్కించారు. వెంట అమ్మ, నేను. తమ్ముణ్ణి మామ్మ దగ్గర వదిలేశాం.

అక్కడి వాల్తేరు రైల్వే ఆసుపత్రిలో అటెండెంట్ పేరు రాయమంటే అమ్మ తన పేరే రాసింది. ఆ ఒక్క వరుస చూసి నాన్న మొహం తిప్పుకున్నాడు. ప్లాస్టర్ వేసిన డాక్టరుగారు ఆమె తలకి చుట్టుకున్న గుడ్డ చూసి, "మీ కార్డు ఇవ్వండమ్మా" అన్నారు. గార్డెన్ రీచ్ వాళ్ళు రాసిన కాగితాలు ఆయన ఆగకుండా చదివేశారు. అదే ఫారం, అవే పొడి అక్షరాలు. అప్పటికప్పుడు రక్తం తీయించారు. తెల్లకణాలు బాగా తగ్గి ఉన్నాయి. సంబరంలో జనంలో నిలబడ్డందుకు చీవాట్లు పెట్టి, పూరీ మానుకోమని, నేరుగా ఇంటికి వెళ్ళమని అన్నారు. నాన్న కాలు విరక్కపోతే ఆ పరీక్ష ఎవరూ చేసేవారు కాదు, మేం పూరీ జనంలో తిరుగుతూ ఉండేవాళ్ళం. దీన్ని అమ్మవారి మహిమ అని మామ్మ తేల్చేసింది. నాకు మాత్రం ఒకే రైల్వే కావడం వల్ల జరిగిందనిపిస్తుంది. 1955లో సౌత్ ఈస్టర్న్ రైల్వే ఏర్పడినప్పుడు పాత బి.ఎన్.ఆర్. దారులే దానికి దక్కాయి. ఖరగ్‌పూర్, ఖుర్దా రోడ్, వాల్తేరు మూడు డివిజన్లూ గార్డెన్ రీచ్‌లోని ప్రధాన కార్యాలయం కిందే ఉండేవి. మా సొంతూరికీ, కూలి ఊరికీ, ఆసుపత్రికీ ఒకే యజమాని.

తిరుగు ప్రయాణంలో కింది బెర్తు నాన్నది. మధ్య బెర్తు ఎక్కలేక అమ్మ ఆయన కాళ్ళ దగ్గరే కూర్చుంది. ఖుర్దా రోడ్ అర్ధరాత్రి దాటింది. ఎవరం ఏమీ అనలేదు కానీ ముగ్గురం మెలకువగానే ఉన్నాం. తెల్లవారి ఖరగ్‌పూర్‌లో దిగితే మా బోగీ ఎక్కడో చివర. ప్రపంచంలోకెల్లా పొడవైన ప్లాట్‌ఫారం అని చుట్టాలందరికీ చెప్పుకుని మురిసేవాళ్ళం, 1,072 మీటర్లు. 2013లో గోరఖ్‌పూర్ ఆ పేరు లాగేసుకున్నప్పుడు మా ఊళ్ళో అందరూ బాధపడ్డారు, నాన్న తప్ప. ప్లాస్టర్ కాలితో కూలీల భుజాల మీద ఆ పొడవు ఆయన కొలిచాడు.

అమ్మ తరవాతి సూది తేదీ దాటిపోయింది, కణాలు పెరిగేదాకా ఆగాల్సొచ్చింది. ఈసారి వైద్యం పాస్ మీద అటెండెంట్‌గా నా పేరు రాయించారు. పదో తరగతి పరీక్షలు అయిపోయి ఉన్నాను. లోకల్‌లో ఆ పేకముక్కల బృందం నాన్న గురించి వాకబు చేసి, కాలు విరిగిన కథ విని తెగ నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. ఆ వైద్యం ముగిశాక మరో పదహారేళ్ళు ఉంది.

2003 ఏప్రిల్‌లో భువనేశ్వర్ కేంద్రంగా ఈస్ట్ కోస్ట్ రైల్వే వచ్చాక ఖుర్దా రోడ్, వాల్తేరు అటు వెళ్ళిపోయాయి. విశాఖ కేంద్రంగా సౌత్ కోస్ట్ రైల్వే అని 2019లో ప్రకటించారు, వాల్తేరు డివిజన్‌ని పంచాలని కూడా నిర్ణయించారు. విశాఖ వాళ్ళు ఏళ్ళ తరబడి పోరాడి సాధించుకున్న జోన్ అది, కాదనను. కానీ మా వీధిలో రిటైరైనవాళ్ళు ఆ వార్త విని అడిగిన మొదటి ప్రశ్న జోన్ గురించి కాదు. ఊరెళ్ళినప్పుడు మన మెడికల్ కార్డు అక్కడ చూస్తారా అని.

ఇప్పుడు మథురాకాటిలో సగం క్వార్టర్లు ఖాళీ. పిల్లలు హైదరాబాద్‌లో, బెంగళూరులో. 2020లో బెంగాల్ ప్రభుత్వం తెలుగుకి అధికార భాష హోదా ఇస్తామన్నప్పుడు ఆ కబురు ముందుగా మాకు హైదరాబాద్ నుంచే ఫోన్లో అందింది. అదే ఏడు పాస్‌లు కంప్యూటర్లోకి వెళ్ళాయి, పాస్ బాబు చేతిరాత పోయింది. నాన్నకి రిటైరైనవాళ్ళకిచ్చే పాస్ ఇంకా వస్తుంది. నా తమ్ముడి కొడుకు ఆయన ఫోన్లోనే దాన్ని తీస్తాడు. పోయిన వేసవిలో వాడు భార్యతో పూరీ వెళ్తూ విమానం టికెట్లు కొన్నాడు. నాన్న ఆ ఖరీదు రెండుసార్లు అడిగి తెలుసుకుని, వాడి పేరు తన పాస్‌లో ఎందుకు చేర్చకూడదో చెప్పే రూలు చూపించమని ఇప్పటికీ పేచీ పెడుతున్నాడు.