తెలివికి తూనిక, బడికి త్రోవ

పదేండ్ల బిడ్డ తెలివిని రెండు గంటలలో తూచి, ఈమె ఈ బడికి తగును, ఆతడు ఆ బడికి తగును అని నిర్ణయింప వచ్చునా? ఈ ప్రశ్న పాశ్చాత్య దేశములలో పుట్టినదే యైనను, నంద్యాల, ఆళ్లగడ్డ పల్లెల గడపలకును వచ్చి చాల కాలమైనది. ఐదవ తరగతి చదువు బిడ్డలున్న ఇండ్లలో నవోదయ పరీక్ష, గురుకుల ప్రవేశ పరీక్ష అను మాటలు వినబడుచునే యుండును. ఈ తూనిక ఎట్లు వచ్చినదో, దేనికై వచ్చినదో తెలిసికొనుట తల్లిదండ్రులకు అవసరము.

దత్తమండలములకు రాయలసీమ యను పేరు 1928లో నంద్యాల ఆంధ్ర మహాసభలో స్థిరపడినది. అంతకు నూరేండ్లకు పైగా ముందు, 1823లో, బళ్లారి కలెక్టరు కాంబెల్ తన జిల్లాలోని 533 బడులను గూర్చి మద్రాసు ప్రభుత్వమునకు నివేదిక పంపెను. ముందు చదివిన పిల్లలు వెనుకటివారికి పాఠము చెప్పుచు, ఆ చెప్పుటలోనే తమ చదువును గట్టిపరచుకొనుచుండిరని అందు మెచ్చుకొనెను. ఆ వీధిబడులలో చురుకైన పిల్లవాడు తోటివారిని విడిచి వేరొక బడికి పోలేదు. అయితే ఆ అరుగు అందరిదియు కాదు. ఆడపిల్లలకును, అంటరానివారని త్రోసివేయబడిన వారికిని అచ్చట దాదాపు చోటే లేదు. పరీక్ష లేకున్నను జల్లెడ ఉండెను; పుట్టుకయే ఆ జల్లెడ.

పుట్టుకకు బదులు ప్రతిభను చూడవలెనను కోరిక న్యాయమైనదే. కాని బుద్ధి పరీక్ష మొదట అందులకై పుట్టలేదు. 1905లో ఫ్రాన్సు దేశమున ఆల్ఫ్రెడ్ బినే, థియొడోర్ సిమోను అను వారు మొదటి పరీక్షను సిద్ధము చేసిరి. సాధారణ తరగతిలో పాఠము అందుకొనలేక వెనుకబడు పిల్లలను గుర్తించి, వారికి తగిన బోధన కల్పించుట దాని ప్రయోజనము. తెలివి మారని కొలత యను వాదమును బినే అంగీకరింపలేదు. ఆయన 1911లో గతించెను. 1916లో అమెరికాలో టెర్మన్ ఆ పరీక్షను విస్తరించి ప్రచారమునకు తెచ్చెను. “ఎవరికి సాయము కావలెను” అను ప్రశ్న క్రమముగా “ఎవరు అధికులు” అను ప్రశ్నగా మారినది.

ఈ మార్పు ఇంగ్లండులో చట్టము వెంట నడచినది. 1944 విద్యాచట్టము తరువాత పదునొకండేండ్ల వయసున పరీక్ష పెట్టి, నెగ్గినవారిని గ్రామర్ స్కూళ్లకును, మిగిలినవారిలో పెక్కుమందిని సెకండరీ మోడరన్ బడులకును పంపిరి. గ్రామర్ స్కూళ్లలోని స్థలముల సంఖ్య ప్రాంతమును బట్టి మారుచుండెను. కావున ఒక ఊరిలో నెగ్గదగిన బిడ్డ మరియొక ఊరిలో ఓడిపోవుచుండెను. కొలిచినది తెలివియో, ఖాళీల లెక్కయో చెప్పుట కష్టమైనది. 1965లో అచ్చటి ప్రభుత్వము అందరికిని ఒకే విధమైన ఉమ్మడి పాఠశాలల వైపు మరలుమని స్థానిక సంస్థలను కోరెను.

మన దేశమున కొఠారీ సంఘము 1966లో ఉమ్మడి పాఠశాలలనే సిఫారసు చేసినది. కాని వాటికొరకు వేచియుండగా పల్లెటూరి పేదబిడ్డ చదువు గడచిపోవును. ఈ ఇరకాటములో ఆంధ్రప్రదేశ్ వేరొక త్రోవ తొక్కినది. పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా నుండగా, 1971లో, నల్లగొండ జిల్లా సర్వేలులో గురుకుల పాఠశాల వెలసినది. 1972లో కోస్తాకు తాడికొండలోను, రాయలసీమకు హిందూపురము చెంత కొడిగెనహళ్లిలోను అట్టివే ఏర్పడినవి. పరీక్షలో నెగ్గిన బిడ్డకు బస, భోజనము, చదువు ఉచితము.

1985లో ఆయన కేంద్ర మానవ వనరుల అభివృద్ధి శాఖను చేపట్టిరి. 1986 జాతీయ విద్యావిధానముతో జిల్లాకొక నవోదయ విద్యాలయము అను పథకము దేశమున పెక్కు రాష్ట్రములకు వ్యాపించినది. 1991లో ఆయనయే, ప్రధానమంత్రిగా, ఉపయెన్నికలో నంద్యాలనుండి లోకసభకు గెలిచిరి. ఆళ్లగడ్డ ఆ నియోజకవర్గములోనిదే. 2022లో నంద్యాల జిల్లా ఏర్పడువరకు ఇచ్చటి బిడ్డలు కర్నూలు జిల్లావారే. ఆ జిల్లా నవోదయ ఎమ్మిగనూరు ప్రాంతపు బనవాసిలో, అనగా ఆళ్లగడ్డకు జిల్లాలో అటు చివర, నెలకొన్నది.

ఈ పథకములో మెచ్చదగినవి కలవు. నాలుగింట మూడువంతుల స్థలములు గ్రామీణ బిడ్డలకే. బాలికలకు మూడవ వంతు ప్రత్యేకించిరి. పరీక్షను బిడ్డ తన భాషలోనే వ్రాయవచ్చును. 100 మార్కులలో 50 మానసిక సామర్థ్యమునకు, 25 గణితమునకు, 25 భాషకు. పుస్తకములు లేని ఇంటి బిడ్డకు నష్టము కలుగకుండుటకై మానసిక సామర్థ్యపు ప్రశ్నలను బొమ్మలతో కూర్చిరి: వేరుగానున్న బొమ్మ ఏది, అద్దములో ప్రతిబింబము ఎట్లుండును, అని.

అయినను బొమ్మలును అలవాటునకు లొంగును. ప్రశ్నల రకము ఒకసారి తెలిసినంతట శిక్షణ బయలుదేరును. బ్యాంకు ఉద్యోగ పరీక్షల శిక్షణకు పేరు పొందిన నంద్యాలవారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. రుసుము చెల్లింపగల ఇంటి బిడ్డకు అభ్యాసము దొరకును. కూలికి పోవు తల్లి బిడ్డకు పరీక్షనాడే ఆ బొమ్మలు క్రొత్తగా కనబడును. ఇంక ఆళ్లగడ్డ శిల్పుల ఇంట పెరుగు బిడ్డ రాయి వాటమును చూచి ఉలి ఎటు పోవలెనో గ్రహింపవచ్చును. ఆ నేర్పును వ్రాసికొనుటకు ప్రశ్నపత్రమున గడి లేదు.

వేరొక నష్టము కంటికి తెలియదు. సాధారణముగ ఒక్క విద్యాలయములో ఏటికి 80 మందిని చేర్చుకొందురు. మిగిలిన వేలమంది తమ ఊరి బడికే మరలుదురు. చురుకైన బిడ్డతోపాటు, ఆ బడి బాగోగులను అడుగగల తల్లిదండ్రుల గొంతుకయు అచ్చటినుండి తరలిపోవును. 1990లో ఆచార్య రామమూర్తి సంఘము నవోదయ పథకమును ప్రశ్నించుటకు ఇట్టి ఆలోచనయే మూలము.

కనుక గురుకులములను మూసివేయవలెనని కాదు. అవి ఎందరో పేదబిడ్డలకు వేరేవిధముగా తెరువబడని తలుపును తెరచినవి. అయితే ఆ పరీక్ష ఉన్న కొద్ది స్థలములను పంచు సాధనము మాత్రమే. బిడ్డ యోగ్యతపై తీర్పు కాదు. ఫలితముల జాబితాలో పేరు లేని బిడ్డను ఇంటిలోగాని, బడిలోగాని మొద్దు అనరాదు. బినే అడిగిన ప్రశ్నను మనము మరల అడుగవలెను: ఈ బిడ్డకు ఏ సాయము కావలెను? ఊరి బడిలో ఆ సాయము దొరకునాడు, ఎంపికైన 80 మంది అదృష్టము మిగిలినవారికి దురదృష్టము కాకుండును.