బీజీయ వక్రాలు

రెండు చలరాశుల బహుపదిని సున్నాకు సమానం చేసినప్పుడు సమతలంలో ఏర్పడే బిందుపథాన్ని బీజీయ వక్రం అంటారు. సంకీర్ణ సంఖ్యలపై నిర్వచించిన నునుపైన ప్రక్షేప వక్రం రీమన్ తలం అనే సంవృత ఉపరితలమే కాబట్టి, ఆ ఉపరితలంలోని రంధ్రాల సంఖ్య, అంటే జీనస్, దాని మౌలిక లక్షణమవుతుంది. నునుపైన సమతల ఘన వక్రానికి ఈ విలువ 1, నాలుగో పరిమాణపు వక్రానికి 3. స్నాతకోత్తర అధ్యయనానికి కేంద్రమైన రీమన్–రాఖ్ సిద్ధాంతం, ఎంచుకున్న బిందువుల వద్ద మాత్రమే నిర్ణీత క్రమం మించని ధ్రువాలు, అనగా విలువ అనంతమయ్యే స్థానాలు, గల స్వతంత్ర ప్రమేయాల సంఖ్యను జీనస్‌తో ముడిపెడుతుంది. 1857లో రీమన్ ఇచ్చిన అసమానతను 1865లో ఆయన శిష్యుడు గుస్టావ్ రాఖ్ సమీకరణంగా పూర్తిచేశాడు. అకరణీయ గుణకాలు గల వక్రపు జీనస్ 1ని మించితే దానిపై అకరణీయ బిందువులు పరిమితమేనని 1983లో గెర్డ్ ఫాల్టింగ్స్ నిరూపించాడు.