ఖడ్గం ప్రయాణం, కాలయాపన: జపాను పురాతన ఖడ్గాల ఎగుమతి చరిత్ర – ఒక పరిశీలన

ఉపోద్ఘాతం:

జపానులో ఒక పురాతన ఖడ్గాన్ని కొన్న విదేశీయుడు సొమ్ము చెల్లించిన నాటికీ, ఆ ఖడ్గం అతని చేతికి అందిన నాటికీ నడుమ కొన్ని వారాలు, ఒక్కొక్కప్పుడు కొన్ని నెలలు గడుస్తాయి. ఈ జాప్యాన్ని అతడు తపాలా శాఖ నిర్లక్ష్యంగానో, వర్తకుని అలసత్వంగానో భావించడం సహజం. కాని ఆ వారాలలో అధికభాగం ఖడ్గం ఓడమీదా ఉండదు, విమానంలోనూ ఉండదు. అది వర్తకుని ఇంటనే ఉంటుంది. దాని ఛాయాచిత్రాలూ, నమోదు పత్రపు నకలూ జపాను సాంస్కృతిక శాఖవారి బల్లమీద పరిశీలనలో ఉంటాయి. ఈ నిరీక్షణ నిన్న మొన్న పుట్టినది కాదు. ఖడ్గాన్ని సరుకుగా చూసిన కాలంలో ఒక రకంగా, ఆయుధంగా చూసిన కాలంలో మరొక రకంగా, కళాఖండంగా చూసిన కాలంలో ఇంకొక రకంగా అది రేవుల వద్ద ఆగుతూనే వచ్చింది. ఆ ఆగడాల వెనుక ఉన్న కారణాలను చారిత్రకంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

సరుకుగా ఖడ్గం:

జపాను ఖడ్గాలు సముద్రం దాటడం పదకొండవ శతాబ్దం నాటికే చైనాలో కవితావస్తువు అయింది. సోంగ్ యుగపు కవి ఓయాంగ్ షియు రచనగా ప్రసిద్ధమైన జపాను ఖడ్గ గీతం ఇందుకు సాక్ష్యం. దానిని సిమా గ్వాంగ్ రచనగా చెప్పేవారూ ఉన్నారు. సాహిత్య విద్యార్థులకు ఇందులో ఒక విశేషం కనిపిస్తుంది. వర్తకులు తెచ్చిన ఖడ్గంతో మొదలైన ఆ గీతం కొద్దిసేపటికే ఖడ్గాన్ని వదలి, చైనాలో నశించిన ప్రాచీన గ్రంథాలు జపానులో మిగిలి ఉన్నాయన్న వేదన వైపు మళ్లుతుంది. వస్తువు వచ్చింది, పుస్తకం రాలేదు అన్నదే కవి బాధ.

1404లో ఆరంభమైన మింగ్ వాణిజ్యంతో ఈ ఎగుమతి భారీ స్థాయిని అందుకొంది. జపాను నౌక నింగ్బో రేవుకు చేరినప్పుడు తన వద్ద ఉన్న అధికార పత్రం చైనా అధికారుల వద్ద ఉన్న భాగంతో సరిపోలాలి. సరిపోలితేనే సరుకు దిగుతుంది. రాయబారులు అక్కడినుంచి బీజింగుకు వెళ్లి, బేరం తేల్చుకొని, తిరుగుగాలి కోసం మళ్లీ రేవులో వేచి ఉండాలి. 1453లో తొమ్మిది నౌకలతో వచ్చిన బృందం దాదాపు పది వేల ఖడ్గాలు తెచ్చింది. మింగ్ అధికారులు పాత ధర చెల్లించడానికి నిరాకరించారు. జపానులో చవకగా దొరికే వస్తువుకు ఇంత సొమ్ము ఎందుకని వారి వాదన. రాయబారులు ఒప్పుకోలేదు, కదలలేదు. బేరం నెలల తరబడి సాగి, వారు స్వదేశానికి మరలింది 1454లో. ఈ వాణిజ్యానికి పదేళ్లకొకసారి, మూడు నౌకలు, 300 మంది, 3,000 ఖడ్గాలు అన్న పరిమితి ఏర్పడింది. అయినా 1484 నాటి బృందం తీసుకువచ్చిన ఖడ్గాలు 37,000కు పైమాటే. పరిమితి కాగితం మీద ఉన్నది, రేవులో లేదు.

1523లో ఓఉచి, హోసొకావా వంశాలవారు పంపిన రెండు పోటీ బృందాలు నింగ్బోలో తమలో తామే కలహించుకొని నగరాన్ని అల్లకల్లోలం చేశాయి. ఎవరి పత్రం చెల్లుతుంది, ఎవరి సరుకు ముందు దిగాలి అన్నదే ఆ కలహానికి మూలం. రేవులో వరుస తప్పడం ఎంత ప్రాణాంతకం కాగలదో చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ ఈ చరిత్రలో కనిపించదు.

ఆయుధంగా ఖడ్గం, తెలుగు తీరపు ఉక్కు:

టొకుగావా పాలకులు 1621లో ఆయుధాలను విదేశీ నౌకలలో తీసుకుపోవడాన్ని నిషేధించారు. తమ ఖడ్గాలూ, తమ కిరాయి యోధులూ ఆగ్నేయాసియాలో డచ్చి, ఇంగ్లీషు, పోర్చుగీసువారి పోరాటాలకు ఉపయోగపడటం వారికి ఇష్టం లేకపోయింది. ఇక జాప్యమన్న ప్రసక్తే లేదు, దారే మూసుకుపోయింది. కొరియాకు దొంగచాటుగా ఆయుధాలు పంపిన నేరానికి హకాత నగరపు సంపన్న వర్తకుడు ఇతో కొజాయెమొన్‌కు 1667లో మరణశిక్ష పడింది.

ఖడ్గం బయటికి పోకుండా ఆపిన ఆ కాలంలోనే ఖడ్గానికి కావలసిన ఉక్కు బయటినుంచి లోపలికి వచ్చింది. ఇయెయసు ఆదరణ పొందిన ఎచిజెన్ యసుత్సుగు అనే కమ్మరి తన ఖడ్గాల పిడిలోపలి భాగంమీద 'నన్‌బన్ తెత్సు'తో, అంటే దక్షిణ విదేశీయుల ఇనుముతో, చేసినట్టు చెక్కుకొన్నాడు. ఇది డచ్చి, పోర్చుగీసు నౌకలలో వచ్చిన హిందూదేశపు ఉక్కు అని పలువురు పరిశోధకుల అభిప్రాయం. పదిహేడవ శతాబ్దంలో డచ్చి కంపెనీ మచిలీపట్నం, నరసాపురం, పాలకొల్లు ప్రాంతాలలో స్థావరాలు నెలకొల్పి ఇనుము, ఉక్కు బటావియాకు తరలించిన మాట చరిత్రకెక్కినదే. తెలుగు సీమకూ జపాను ఖడ్గానికీ సంబంధం ఉన్నదంటే అది ఈ దారినే ఉండాలి. సాలార్‌జంగ్ మ్యూజియంలోని తూర్పు ఆసియా వస్తువులను చూసి ఈ సంబంధాన్ని ఊహించుకోవడం కన్నా రేవు పట్టణాల లెక్కల పుస్తకాలలో వెదకడం ఫలవంతం. ఈ కోణంలో తెలుగులో పరిశోధన జరగవలసిన అవసరం ఎంతైనా ఉంది.

కళాఖండంగా ఖడ్గం:

1876 మార్చిలో మెయిజీ ప్రభుత్వం బహిరంగంగా ఖడ్గధారణను నిషేధించింది. సమురాయి కుటుంబాలు వంశపారంపర్య ఖడ్గాలను అమ్ముకొన్నాయి. కమ్మరులు వంటకత్తులకు మళ్లారు. పాశ్చాత్యులు వాటిని విరివిగా కొన్నారు; 1880లలో జపానులో నివసించిన బోస్టను వైద్యుడు విలియం స్టర్జిస్ బిగెలో సేకరించిన ఖడ్గాలు నేడు ఆ నగరపు లలితకళల మ్యూజియంలో ఉన్నాయి. ఈ దశలో కొనుగోలుదారునికి ఆటంకం దాదాపు లేదు. త్వరగా కదిలిన కాలమే ఎక్కువ నష్టం జరిగిన కాలం కావడం గమనార్హం.

ఎగుమతి పరిశీలన అనే భావన బలపడటానికి కారణం ఖడ్గం కాదు, ఒక చిత్రపటం. కిబి మంత్రి చైనా యాత్రను చిత్రించిన ప్రాచీన పటాన్ని బోస్టను మ్యూజియం 1932లో కొనుగోలు చేసింది. అది దేశం దాటిపోయాక గాని జపానులో కలవరం రేగలేదు. ఫలితంగా 1933లో ముఖ్య కళావస్తువుల సంరక్షణకు ఒక చట్టం వచ్చింది. అటువంటి వస్తువు ఎగుమతికి ప్రభుత్వ అనుమతి తప్పనిసరి అయింది. 1949 జనవరిలో హోర్యూజి ఆలయపు స్వర్ణమందిరం అగ్నికి ఆహుతై, అందలి కుడ్యచిత్రాలు దెబ్బతిన్నాయి. ఆ మరుసటి ఏడాది, 1950లో, నేటికీ అమలులో ఉన్న సాంస్కృతిక సంపద పరిరక్షణ చట్టం రూపొందింది. నేటి కొనుగోలుదారుడు వేచి చూసే ధ్రువపత్రానికి ఈ రెండు ఘటనలతోనూ సంబంధం ఉంది.

ఈ రెండింటి నడుమ 1945 ఉంది. ఆక్రమణ సైన్యం ఆయుధాలన్నింటినీ అప్పగించమన్నది. ఖడ్గాలు ఠాణాలకు చేరి, అక్కడినుంచి కొన్ని సముద్రంలోకీ, కొన్ని కొలిమిలోకీ, కొన్ని సైనికుల సంచులలోకీ పోయాయి. టొకుగావా వంశపు హోంజొ మసమునె 1939లోనే జాతీయ నిధిగా గుర్తింపు పొందిన ఖడ్గం. దానిని టొకుగావా ఇయెమస తన ఖడ్గాలతో పాటు మెజిరో ఠాణాలో అప్పగించాడు. 1946 జనవరిలో ఒక అమెరికను సైనికుడు తీసుకుపోయినట్టు ఉన్న నమోదు తప్ప, ఆ తర్వాత అది ఎవరి కంటా పడలేదు. ఆ అప్పగింతకు పరిశీలన లేదు, కొలత లేదు, ఛాయాచిత్రం లేదు. ఖడ్గ పండితుడు హొమ్మ జుంజి, అమెరికను అధికారి కర్నల్ క్యాడ్వెల్ కలిసి కళాఖండాలైన ఖడ్గాలకు మినహాయింపు సాధించి ఉండకపోతే నేడు మనం మాట్లాడుకోవడానికి విషయమే మిగిలేది కాదు. అకబనె గిడ్డంగిలో పోగుపడిన రాశినుంచి ఏరి కాపాడిన అయిదు వేలకు పైగా ఖడ్గాలు టోక్యో జాతీయ మ్యూజియానికి చేరాయి. వాటిలో అధికభాగాన్ని 1999లో దేశంలోని వివిధ మ్యూజియాలకు పంచారు.

నేటి నిరీక్షణ స్వరూపం:

యుద్ధానంతరం ఏర్పడి, 1958 చట్టంలో స్థిరపడిన పద్ధతి ప్రకారం 15 సెంటీమీటర్లు, అంతకు మించిన పొడవున్న ప్రతి ఖడ్గానికీ ఆయా రాష్ట్ర విద్యామండలి ఇచ్చిన నమోదు పత్రం ఉండాలి. దానిని 'తోరొకుషో' అంటారు. పొడవు, వంపు, పిడిమేకు రంధ్రాల సంఖ్య, కమ్మరి చెక్కిన పేరు అందులో ఉంటాయి. యజమాని పేరు ఉండదు. అది మనిషికి ఇచ్చిన అనుమతి కాదు, ఖడ్గానికి ఇచ్చిన గుర్తింపు. ఎగుమతికి ముందు వర్తకుడు ఈ పత్రపు నకలును, ఖడ్గపు ఛాయాచిత్రాలను సాంస్కృతిక శాఖకు సమర్పించాలి. ఆ వస్తువు జాతీయ నిధి గాని, ముఖ్య సాంస్కృతిక సంపద గాని కాదని వారు ధ్రువీకరించాకనే అది సరిహద్దు దాటాలి. సాధారణ జాప్యం ఇక్కడిదే. దీనిని తగ్గించే ఉపాయం ఎవరి వద్దా లేదు.

అసాధారణ జాప్యం మరొక చోట పుడుతుంది. పత్రంలోని కొలతకూ అసలు కొలతకూ తేడా ఉన్నా, డెబ్బై ఏళ్ల క్రితం ఎవరో చెక్కిన పేరును తప్పుగా చదివి రాసుకొన్నా, ఖడ్గం మళ్లీ విద్యామండలి పరీక్షకు వెళ్లాలి. పిడికి దంతమో, తాబేటి చిప్పో ఉంటే అంతర్జాతీయ వన్యజీవి ఒప్పందపు అనుమతులు అదనం. కొనేముందే నమోదు పత్రపు ఛాయాచిత్రాన్ని తెప్పించి, అందులోని కొలతలను వర్తకుని వివరణతో సరిచూసుకోవడం ఒక్కటే కొనుగోలుదారుని చేతిలో ఉన్న జాగ్రత్త.

చివరి దశ తపాలా. 2020 ఏప్రిల్‌లో విమానాలు నిలిచిపోగా జపాను తపాలా సంస్థ అమెరికా సహా అనేక దేశాలకు విమాన తపాలా స్వీకరించడం ఆపివేసింది. 2025 ఆగస్టులో అమెరికా చిన్న పార్సెళ్లపై ఉన్న సుంకం మినహాయింపును ఎత్తివేసినప్పుడు వంద డాలర్లు దాటిన సరుకుల పార్సెళ్లను మళ్లీ నిలిపింది. మన దేశపు తపాలా శాఖ కూడా అదే నెలలో అదే పని చేసిన సంగతి అమెరికాలో బంధువులున్న తెలుగు కుటుంబాలకు గుర్తుండే ఉంటుంది. సుంకశాఖ వద్ద ఖడ్గాన్ని ఏ పద్దులో వేయాలన్నదీ చిక్కే. ప్రపంచ సుంకాల పట్టికలో ఖడ్గాలకు 9307, నూరేళ్లు దాటిన పురావస్తువులకు 9706 అన్న శీర్షికలున్నాయి. 2022 సవరణ ఈ రెండవ దానిని 250 ఏళ్లు దాటినవి, దాటనివి అని విడగొట్టింది. ఖడ్గం వయస్సు చెప్పే నిపుణుల పత్రం పెట్టెలో లేకపోతే అధికారి దానిని ఆయుధంగా భావించి పక్కన పెట్టడంలో ఆశ్చర్యం లేదు. బ్రిటన్ 2008లో 50 సెంటీమీటర్లు మించిన వంపు కత్తులను నిషేధించి, నూరేళ్లు దాటిన వాటికీ, సంప్రదాయ పద్ధతిలో చేసిన వాటికీ మినహాయింపు ఇచ్చింది. మన దేశంలో ఆయుధ చట్టం, 1959లోని పదవ సెక్షన్ ప్రకారం ఆయుధాల దిగుమతికి లైసెన్సు కావాలి. విదేశంలో కొన్న ఖడ్గాన్ని సామానుతోపాటు హైదరాబాదుకు తెచ్చుకోదలచిన ప్రవాసి దీనిని ముందుగా తెలుసుకోవాలి.

ఈ నెలల నిరీక్షణలో ఖడ్గానికి జరిగే హాని వేరు. అలంకృతమైన ఒరలో గాక, రంగు పూయని తెల్లచెక్క ఒరలో, లవంగ నూనె పలుచగా పట్టించి పంపడం సంప్రదాయం. తేమలో ఆగిపోయిన పెట్టెలో అంచుకు తుప్పు పట్టవచ్చు. పిడిలోపలి భాగపు తుప్పును మాత్రం ఎవరూ తుడవరాదు. కాలనిర్ణయానికి ఆధారం అదే.

తిరుగు ప్రయాణాలూ ఉన్నాయి. బిజెన్ కమ్మరి కునిమునె చేసిన జాతీయ నిధి ఖడ్గం ఒకటి యుద్ధానంతరం కనబడకుండాపోయింది. అమెరికను సేకర్త వాల్టర్ కాంప్టన్ దానిని తమ దేశపు దుకాణంలో గుర్తించి కొన్నాడు. 1963లో ప్రతిఫలం లేకుండా కగొషిమలోని తెరుకుని ఆలయానికి తిరిగి ఇచ్చాడు. అది ఏ ఖడ్గమో గుర్తించగలగడానికి కారణం అప్పటికే నమోదై ఉన్న వివరాలు.

ఇక్కడ పరిశోధకులు పట్టించుకోవలసిన నష్టం ఒకటుంది. ఖడ్గం దేశం దాటినప్పుడు దాని నమోదు పత్రం జపానులోనే విద్యామండలికి తిరిగి అప్పగించాలి. తొలి నమోదులు 1951లో జరిగాయి. ఆ ఏటి పత్రం ఉన్న ఖడ్గం పూర్వపు సామంత ప్రభువుల ఇళ్లనుంచి వచ్చి ఉండవచ్చని సేకర్తలు ప్రత్యేకంగా చూస్తారు. ఎగుమతి తర్వాత ఆ సంవత్సరం, ఆ రాష్ట్రం పేరు, ఆ క్రమసంఖ్య ఖడ్గంతో పాటు ప్రయాణించవు. కొనుగోలుదారుడు విసుగుతో గడిపే ఆ వారాలలోనే వర్తకుని వద్ద ఆ పత్రం ఇంకా ఉంటుంది; రెండు వైపులా ఛాయాచిత్రం తీయించుకోవడానికి ఉన్న గడువు అంతే.