జైపాల్ సింగ్ ముండా: ఆదివాసుల పక్షమున పలికిన గొంతు

మిషన్ పాఠశాలల ఫలమును లెక్కించునప్పుడు ఎందరు పట్టాలు పొందారు, ఎందరు ఉద్యోగాలలో కుదిరారు అని చూడడం మనకు అలవాటు. ఈ కొలత చాలదని జైపాల్ సింగ్ ముండాగారి జీవితము తెలుపుచున్నది.

ఆయన 1903 జనవరి 3న ఛోటానాగపూర్‌లోని ఖుంటీ ప్రాంతమున టక్రా గ్రామంలో ముండా కుటుంబంలో జన్మించారు. రాంచీ సెయింట్ పాల్స్ మిషన్ పాఠశాలలో చదువుచుండగా ప్రధానోపాధ్యాయులైన కానన్ కాస్‌గ్రేవ్ దొరగారు ఆయన ప్రతిభను గుర్తించి ఇంగ్లాండుకు తీసుకువెళ్లారు. ఆక్స్‌ఫర్డు సెయింట్ జాన్స్ కళాశాలలో చదివి, ఐ.సి.ఎస్. శిక్షణలో ఉండగా 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌కు భారత హాకీ జట్టు నాయకత్వం లభించింది. సెలవు దొరకకపోయినా వెళ్లారు. ఫైనలులో ఆయన ఆడకపోయినా, ఒక్క గోలైనా ఇవ్వకుండా ఆ జట్టు స్వర్ణపతకం గెలిచింది. తిరిగివచ్చిన పిదప ఐ.సి.ఎస్.నే వదులుకున్నారు.

కొంతకాలం గోల్డ్‌కోస్టులోను, రాయపూర్‌లోను అధ్యాపకులుగా పనిచేశారు. 1939లో రాంచీలో ఆదివాసీ మహాసభకు అధ్యక్షులయ్యారు. అప్పటినుండి ఆయన బ్రతుకు తన ప్రజలదైపోయింది.

1946 డిసెంబరు 19న రాజ్యాంగ సభలో తనను ‘జంగ్లీ’ అని గర్వంగా చెప్పుకున్నారు. ఆదివాసులకు ప్రజాస్వామ్యం నేర్పనక్కరలేదు, వారినుండే అది నేర్చుకోవాలి అన్నారు. ఆదివాసీ ప్రాంతాల పాలనను పరిశీలించిన ఠక్కర్ ఉపసంఘంలో ఆయన సభ్యులు. ఆ చర్చల ఫలితమైన ఐదవ షెడ్యూలు నేటికిని మన తెలుగు ఏజెన్సీ ప్రాంతాలకు వర్తించుచున్నది. ‘ఆదివాసీ’ అను మాటను రాజ్యాంగంలో నిలపాలని ఆయన పట్టుబట్టారు గాని అది నెరవేరలేదు.

ఆయన నాయకత్వాన జార్ఖండ్ పార్టీ 1952లో బీహారు శాసనసభలో 32 స్థానాలు గెలిచి ప్రధాన ప్రతిపక్షమైంది. ఆయన లోక్‌సభకు వెళ్లారు. అయితే 1955లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సంఘం జార్ఖండ్ కోరికను త్రోసిపుచ్చింది. 1963లో ఆయన తన పార్టీని కాంగ్రెసులో విలీనం చేశారు. కొద్దికాలం మంత్రి పదవి దక్కింది గాని రాష్ట్రం రాలేదు. అనుచరులలో అనేకులు నొచ్చుకున్నారు. ఈ సంగతిని దాచి ఆయనను పొగడడం చరిత్ర కాదు.

1970 మార్చి 20న ఆయన కన్నుమూశారు. బిర్సా ముండా జన్మదినమైన నవంబరు 15న, 2000 సంవత్సరంలో, జార్ఖండ్ రాష్ట్రం అవతరించింది.

పాఠశాల ఆయనకు ఇంగ్లీషు నేర్పింది, పై చదువులకు బాట వేసింది. ఆ భాషతోనే ఆయన తనవారికి గౌరవం అడిగారు. తనవారు వెనుకబడినవారని మాత్రం ఒప్పుకోలేదు. మనము నడిపే పాఠశాలలలోని ఏజెన్సీ బిడ్డలు చదువుతోపాటు తమ తల్లి భాషను, తమవారిపై గౌరవాన్ని నిలుపుకొని బయటికి వస్తున్నారా అన్నది శతాబ్ది పండుగనాడు మనము వేసుకోదగిన ప్రశ్న.