ఉక్కునగరమున రోగిపరిచర్య

జంషెడ్‌పురమునకు వయస్సు నూరేండ్లు దాటి ఎంతో కాలము కాలేదు. సువర్ణరేఖా ఖర్కాయీ నదుల సంగమమునకు చేరువను సాక్చీ యను పల్లె యుండెడిది. అచ్చట 1908లో ఉక్కు కర్మాగార నిర్మాణ మారంభమయ్యెను. 1912 ఫిబ్రవరిలో తొలి ఉక్కు తయారయ్యెను. 1919లో రాజప్రతినిధి చెమ్స్‌ఫర్డు ప్రభువు ఆ యూరికి జంషెడ్జీ టాటా పేరు పెట్టెను. కొలిమి వెలిగిన నాటినుండి జనులు నలుదిక్కులనుండి వచ్చి చేరిరి. చుట్టుపట్ల గల సంతాలులు, హో జాతివారు, బెంగాలీలు, ఒరియాలు, పంజాబీలు, ఉత్తరాంధ్రమునుండి తెలుగువారు అందరును కూలికొరకే వచ్చిరి. నిలిచిపోవుదుమని తలచి వచ్చినవారు అరుదు.

కర్మాగారముతో పాటే వైద్యశాలయు పుట్టెను. 1908లో చిన్నదిగా మొదలైన ఆ వైద్యశాలయే తరువాత టాటా మెయిన్ హాస్పిటలుగా పెరిగెను. 1915 నాటికే కార్మికులకు ఉచిత వైద్యము లభించెను. కర్మాగార కార్మికులకు వైద్యమును చట్టముచే హామీ యిచ్చిన ఉద్యోగుల రాజ్య బీమా చట్టము 1948లో గాని రాలేదు. యజమానులు చేసిన ఈ పనిని తక్కువగా నెంచరాదు. కాని కర్మాగారపు వైద్యశాలకు సహజముగనే ఒక దృష్టి యుండును: విరిగిన చేయి అతుకవలెను, జ్వరము తగ్గవలెను, మనిషి మరల షిఫ్టునకు పోవలెను. మందునకు లొంగని వ్యాధితో నెలల తరబడి మంచము పట్టినవానిని ఏమి చేయవలెనను ప్రశ్న ఆ దృష్టికి అందదు.

ఆ ప్రశ్నకు చిరకాలము రైలే సమాధానముగా నుండెను. రోగము ముదిరినవాడు రైలెక్కి స్వగ్రామమునకు పోవును. 1931లో నివేదిక సమర్పించిన కార్మిక విషయముల రాయల్ కమిషను, భారతీయ కార్మికునకు పల్లెతో గల సంబంధమును తెంపరాదనియు, వ్యాధియందును వార్ధక్యమునందును వానికి అదియే ఆశ్రయమనియు తలచెను. మాట నిజమే. అయితే పల్లె యన్న చోట తల్లి యనియు, భార్య యనియు, కోడలనియు చదువుకొనవలెను. పథ్యము వండుట, పుండ్లు కడుగుట, రాత్రులు మేల్కొనుట వారి వంతు. ఆ శ్రమకు ఏ పద్దులోను లెక్క లేదు.

రెండు మూడు తరములు గడచుసరికి ఈ యాశ్రయమును సడలెను. పట్టణమున పుట్టిన కుమారునకు తిరిగి పోవుటకు ఊరు లేదు. ఉన్న యిల్లు కంపెనీ క్వార్టరు; అది ఉద్యోగముతో వచ్చి ఉద్యోగముతో పోవునది. రోగి ఆయువును, ఇంటి గడువును ఒకే తేదీకి కట్టుబడి యున్న సంసారమునకు కలుగు భయము ఎట్టిదో చెప్పనక్కరలేదు.

ఇట్టి చోటికి పరిచర్యా గృహము ఒక విచిత్రమైన దారిని వచ్చెను. లెనార్డ్ చెషైర్ అను ఆంగ్లేయుడు రెండవ ప్రపంచయుద్ధమున పేరుపొందిన బాంబరు విమాన చోదకుడు. 1945 ఆగస్టు 9వ తేదీన నాగసాకిపై అణుబాంబు పడుటను ఆకాశమునుండి చూచినవాడు. 1948లో ఆయనకు పరిచయస్థుడగు ఆర్థర్ డైక్సు క్యాన్సరుతో మరణోన్ముఖుడై యుండగా, ఆసుపత్రి యాతని నుంచుకొనజాలక పోయెను. చెషైరు ఎందరినో అడిగి, ఎచ్చటను చోటు దొరకక, హాంప్‌షైరులోని తన యింటికే తెచ్చుకొని, స్వహస్తములతో పక్క మార్చి, ఒడలు తుడిచి, తుదిదాక సేవించెను. చెషైరు గృహములన్నిటికిని అదియే మూలము. ఆయన 1955లో భారతదేశమునకు వచ్చెను. మొదట బొంబాయి అంధేరీలోను, అటుపిమ్మట కొలది యేండ్లలో జంషెడ్‌పురమునకు వెలుపల సుందరనగరులోను గృహములు వెలసెను. సుందరనగరు గృహమునకు రుస్తుంజీ పటేలు పేరు పెట్టిరి. ఒక చిత్రమున్నది: చనిపోవుచున్న ఒక్కనికై పుట్టిన ఈ గృహములు కాలక్రమమున, అంగవైకల్యముతో చిరకాలము జీవింపవలసిన వారికి నివాసములయ్యెను. కావున క్యాన్సరు రోగి సమస్య అట్లే నిలిచెను.

టాటాల కుటుంబమునకును ఆ వ్యాధి తెలియనిది కాదు. దొరాబ్జీ టాటా భార్య మెహెర్‌బాయి 1931లో రక్తపు క్యాన్సరుతో వేల్సు దేశమున మరణించెను. మరుసటి యేట ఆయన ఆ వ్యాధి పరిశోధనకై నిధి నేర్పరచెను. ఆమె పేరిటనే 1975లో జంషెడ్‌పురమున క్యాన్సరు వైద్యశాల వెలసెను.

వైద్యశాల ఉన్నంత మాత్రమున నొప్పి తీరునా? 1967లో లండనున సెయింట్ క్రిస్టఫర్సు హాస్పిసును స్థాపించిన సిసిలీ సాండర్సు, నొప్పి వచ్చినపిమ్మట గాక, రాకముందే నియతకాలముల మార్ఫీను ఇచ్చుటను వైద్యులకు నేర్పెను. ఆ మార్ఫీను నల్లమందునుండి వచ్చునది. నల్లమందును పండించి విదేశములకు ఎగుమతి చేయు దేశము భారతదేశము. అట్టిచోట 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము, దుర్వినియోగమును అరికట్టబోయి, అనుమతి పత్రముల చిక్కుతో ఆసుపత్రుల బీరువాలనుండియే మార్ఫీనును తరిమివేసెను. దొంగకై వేసిన తాళము ఇంటివారికే అడ్డమయ్యెను. ఈ చట్టమును సవరించుటకు 2014 వరకు పట్టెను. ఆ నడుమ 1986లో బొంబాయిలో శాంతి అవేదనా సదనమును, 1993లో కాలికట్టున రాజగోపాలు, సురేశ్‌కుమారు అను వైద్యుల సంఘమును వెలసినవి. తెలుగునాట హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సరు వైద్యశాల ఈ మార్గమున నడచెను.

వీరిలో కేరళీయులు కనుగొన్నది జంషెడ్‌పురమువంటి ఊరికి మిక్కిలి పనికివచ్చునది. గృహము కట్టుటకు ధనము కావలెను. మంచములు కొన్నియే యుండును. పైగా పెక్కురు రోగులు స్వగృహముననే కన్ను మూయగోరుదురు. కావున నర్సే ఇంటికి పోవును. ఇరుగుపొరుగు స్వచ్ఛంద సేవకులు తోడగుదురు. నర్సు పుండు విప్పి చూచి, కట్టు మార్చు విధమును ఇంటి యిల్లాలికి చూపును. పక్కపుండ్లు పడకుండ రోగిని రెండేసి గంటలకు ప్రక్కకు తిప్పుట నేర్పును. మార్ఫీను మాత్రను నాలుగు గంటల కొకమారు, నొప్పి లేకున్నను, మానక వేయవలెనని చెప్పి, మలబద్ధమునకు వేరొక మందు నిచ్చును. తరువాత ఆ యిల్లాలినే కూర్చుండబెట్టి, రాత్రి నిద్రపోయితివా యని అడుగును.